హానిబల్ ఏనుగులు ఆల్ప్స్‌లో చావలేదు: ఒక పాత కంచరగాడిదల సుబేదారు లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: క్రీ.పూ. 218లో కార్తేజ్ సేనాని హానిబల్ ఏనుగులతో సహా ఆల్ప్స్ దాటి ఇటలీలో దిగాడు కదా, ఏనుగులు ఆ మంచులో ఎలా బతికాయి? సగం సైన్యాన్ని పోగొట్టుకుని దాటడం తెలివైన పనేనా? కొండరాయి మీద వినిగర్ పోసి పగలగొట్టాడంటారు, అది నిజమా?

సూటిగా చెప్తాను. ఏనుగులు ఆల్ప్స్‌ను దాటాయి, చచ్చింది ఆ తర్వాత ఇటలీలో. సైన్యాన్ని తిన్నది ఎత్తు కాదు, చలి ఒక్కటే కూడా కాదు. మేత లేకపోవడం, ఆలస్యంగా బయల్దేరడం, దిగుడు దారి. ఈ మూడూ కలిసి తిన్నాయి. తెలివైన పనేనా అంటే, దాటాలనుకోవడం తెలివే, దాటిన నెల మాత్రం తప్పు. వినిగర్ కథను నేను సగమే నమ్ముతాను.

నేను చరిత్ర లెక్చరర్‌ని కాను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో జంతు రవాణా విభాగంలో, అంటే కంచరగాడిదలతో, ఇరవై ఆరేళ్లు పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. కుప్వారాలో చేశాను, సిక్కింలో చేశాను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్లో జీడితోట చూసుకుంటున్నాను. హానిబల్ గురించి చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు, ఎందుకంటే అతను పడ్డ తిప్పల్లో సగం మేమూ పడ్డాం. కాబట్టి నా జవాబంతా గాడిదల వైపు నుంచే ఉంటుంది, ముందే చెప్తున్నాను.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కార్తేజ్ అంటే ఇవాళ్టి ట్యూనిస్ పక్కన ఉండేది. రోముతో మొదటి యుద్ధం క్రీ.పూ. 241లో ఓడిపోయి సిసిలీని పోగొట్టుకుంది, సముద్రం మీద పట్టూ పోయింది. ఆ తర్వాత వాళ్ల బలమంతా స్పెయిన్‌లో పెరిగింది. 218లో మళ్లీ యుద్ధం వచ్చేసరికి హానిబల్ వయసు ఇరవై తొమ్మిది. ఓడల్లో సైన్యాన్ని ఇటలీకి చేర్చలేడు, రోము నావికాదళం ఊరుకోదు. తీరం వెంట నడుద్దామంటే మస్సాలియా, అంటే నేటి మార్సేయ్, రోము పక్షం. పైగా రోమన్ కాన్సుల్, అంటే ఆ ఏటి పాలకుడూ సేనానీ అయిన పబ్లియస్ స్కిపియో అక్కడే సైన్యంతో ఓడలు దిగాడు. అటు ఉత్తర ఇటలీలోని ‘పో’ అనే నది మైదానంలో ఉన్న గాల్ తెగలు, బోయీలు, ఇన్సుబ్రీలు, అప్పటికే రోము మీద తిరగబడ్డాయి. వాళ్లను కలుసుకుంటే మనుషులకు లోటుండదు. మిగిలింది కొండదారే. బోయీల నాయకుడొకడు నేటి ఫ్రాన్స్‌లోని రోన్ నది దగ్గరికే వచ్చి, దారి చూపిస్తామని మాట కూడా ఇచ్చాడు. కాబట్టి కొండల్లోకి గుడ్డిగా దూరాడనేది తప్పు, మనకంటే బాగా తెలిసిన గైడ్లే వెంట ఉన్నారు.

ఇప్పుడు నా లెక్క చూడండి.

రోన్ దాటాక అతని దగ్గర 38,000 కాల్బలం, 8,000కు పైగా గుర్రాలు ఉన్నాయి. ఏనుగులు 37. ఇవి గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఇచ్చిన అంకెలు. ఆయన సంఘటన జరిగిన రెండు తరాల లోపు రాశాడు, ఆ యుద్ధం చూసినవాళ్లను అడిగి, తనూ ఆల్ప్స్ దాటి వచ్చాకే రాశానని చెప్పుకున్నాడు. అందుకే నాకు ఆయన మీద గురి.

పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల పచ్చిమేత తింటుంది. 37 ఏనుగులకు ఐదున్నర టన్నులు. మా కంచరగాడిద కొండ మీద మోసేది 72 కిలోలు. అంటే ఏనుగుల ఒక్కరోజు మేత మోయడానికి 77 గాడిదలు చాలు. ఇప్పుడు గుర్రాలు చూడండి. గుర్రానికి రోజుకు పది కిలోల గడ్డీ దాణా అనుకున్నా 8,000 గుర్రాలకు 80 టన్నులు. పదకొండు వందల గాడిదల బరువు, అదీ ఒక్కరోజుకే! మరి ఆ గాడిదలు కూడా తినాలి కదా. పదిహేను రోజుల దారికి ఇది ఎవరూ మోయలేరు, మోయాలని చూడరు కూడా. దారిలో దొరికేదాన్ని మేపుకుంటూ పోవాలి. దొరక్కపోతే పస్తే.

అందుకే ఏనుగులు అతనికి భారం కాలేదు, గుర్రాలే అయ్యాయి. సినిమాల్లో బొమ్మల్లో మనకు కనపడేది ఏనుగు, లెక్కలో ప్రాణం తీసేది గుర్రం.

కొండల్లోకి దూరే ముందు అతను చేసిన ఒక పని నాకు బాగా నచ్చుతుంది. రోన్‌కు ఎగువన రెండు నదుల మధ్య ఉన్న ప్రాంతంలో అన్నదమ్ములిద్దరు గద్దె కోసం కొట్టుకుంటుంటే పెద్దవాడి పక్షాన నిలబడి తగవు తీర్చాడు. బదులుగా ధాన్యం తీసుకున్నాడు, అరిగిన ఆయుధాలు మార్చుకున్నాడు, వెచ్చని బట్టలు, కాళ్లకు జోళ్లు తీసుకున్నాడు. ఆఫ్రికా నుంచి, దక్షిణ స్పెయిన్ నుంచి వచ్చిన మనుషులు వాళ్లు, మంచు ఎరగరు. మంచులో బూటు చిరిగినవాడు తుపాకీ పోయినవాడి కంటే ముందు పనికిరాకుండా పోతాడని మా ట్రైనింగ్‌లో మొదటి వారమే చెప్పేవాళ్లు.

ఎత్తు సంగతి ఒక మాట. ఆక్సిజన్ చాలక చచ్చారని ఎక్కడో చదివాను, అది కుదరదు. మన ఆర్మీలో ఎత్తుకు అలవాటు పడే కార్యక్రమం 9,000 అడుగుల దగ్గర మొదలవుతుంది. హానిబల్ దాటాడని చెప్పే కనుమలన్నీ మూడు వేల మీటర్ల లోపే, అంటే మనం లెక్క మొదలుపెట్టే చోటికి కిందో, కాస్త పైనో. పైగా నడుస్తూ నడుస్తూ తొమ్మిదో రోజుకు గానీ శిఖరానికి చేరలేదు. తలనొప్పులు వచ్చి ఉంటాయి, అంతకు మించి కాదు.

అసలు గొడవ దారి వెడల్పుతో. ఒకరి వెనక ఒకరు నడవాల్సిన దారిలో గుర్రానికి, దాన్ని పట్టుకున్న మనిషికి కలిపి నాలుగు మీటర్లు వేసుకోండి. 8,000 గుర్రాలకే 32 కిలోమీటర్ల వరస అవుతుంది. ముందున్నవాడు రాత్రి మజిలీలో పొయ్యి వెలిగించే వేళకు వెనకున్నవాడు ఇంకా నిన్నటి మజిలీ దాటడు. పాలిబియస్ లెక్కలో కొండదారి 1,200 స్టేడియాలు, అంటే 220 కిలోమీటర్ల పైచిలుకు, పదిహేను రోజుల్లో. రోజుకు సగటున పదిహేను కిలోమీటర్లు పడింది. దెబ్బలాటలు, రెండు రోజుల విశ్రాంతి, దారి బాగుచేసుకున్న రోజులు అందులోనే. మా గాడిదల కాలమ్ శాంతికాలంలో, దారి తెలిసిన చోట కూడా అంతకంటే పెద్దగా ఎక్కువ నడిచేది కాదు.

ఇంత పొడుగు వరసను కొండజాతులు ఎక్కడ కొడతాయి? మధ్యలో, సామాన్ల దగ్గర. సరిగ్గా అదే జరిగింది. మొదట అల్లోబ్రోజులనే తెగవాళ్లు ఇరుకుదారి మీద ఎత్తుల్లో కాపు కాశారు. వాళ్లు పగలు కాపలా ఉండి రాత్రి ఊళ్లకు పోయి పడుకుంటారని హానిబల్ వేగుల ద్వారా కనిపెట్టాడు. కింద మజిలీలో మంటలు బాగా వేయించి, అందరూ అక్కడే ఉన్నట్టు భ్రమ కల్పించి, తను తేలికపాటి దళంతో రాత్రికి రాత్రి ఆ ఎత్తుల్ని పట్టేశాడు. అయినా తెల్లారాక వాళ్లు సామాన్ల వరస మీద పడ్డారు. అప్పుడు ఎక్కువ నష్టం చేసింది శత్రువు బాణం కాదు, దెబ్బతిన్న గుర్రం. బెదిరిన గుర్రం ఇరుకు దారిలో వెనక్కి తిరిగితే దాని వెనకున్న పది జంతువులు లోయలోకే. నేను ఒకసారి ఒక్క రాయి దొర్లిన చప్పుడుకు మూడు గాడిదలు అలా తన్నుకోవడం చూశాను, అదృష్టం బాగుండి అక్కడ దారి వెడల్పుగా ఉంది.

రెండోసారి ఇంకో తెగవాళ్లు కొమ్మలు, దండలు పట్టుకుని స్నేహమంటూ ఎదురొచ్చారు. మనుషుల్ని తాకట్టుగా ఇచ్చారు, గైడ్లనిచ్చారు, రెండు రోజులకు ఒక లోయలో పట్టుకుని రాళ్లు దొర్లించారు. హానిబల్ వాళ్లను పూర్తిగా నమ్మలేదు కాబట్టే సామాన్లను, గుర్రాలను ముందు పెట్టి, గట్టి కాల్బలాన్ని వెనక ఉంచాడు. అదే కాపాడింది. ఏనుగులు ఉపయోగపడిందీ ఇక్కడే. ఎన్నడూ చూడని జంతువు కావడంతో అవి ఉన్న వైపుకు కొండవాళ్లు రావడానికే జంకారని పాలిబియస్ రాశాడు.

ఇక దిగుడు. నా దృష్టిలో అసలు కథ ఇదే.

జనం ఎక్కడమే కష్టమనుకుంటారు. గాడిదలతో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు ప్రాణభయం. దిగేటప్పుడు బరువు మెడ వైపుకు జారుతుంది. జీనును వెనక్కి పట్టి ఉంచేది తోక కింద నుంచి పోయే పట్టీ ఒక్కటే, హిందీలో దుమ్చీ అంటాం. అది ఒక అంగుళం వదులైతే బరువంతా ముందుకాళ్ల మీదికి వస్తుంది. బిగిస్తే తోక కింద ఒరుసుకుని పుండు పడుతుంది. ఆల్ప్స్‌లో ఫ్రాన్స్ వైపు వాలు నిదానం, ఇటలీ వైపు వాలు పొట్టిగా, నిటారుగా ఉంటుంది. అంటే బడలిన జంతువులకు అతి కష్టమైన భాగం చివర్లో వచ్చింది.

దానికి తోడు మంచు. కృత్తికలు అస్తమించే కాలం దగ్గరపడిందని, శిఖరం మీద అప్పటికే మంచు చేరుతోందని పాలిబియస్ రాశాడు. కృత్తికలు తెల్లవారుజామున పడమట దిగిపోయే కాలమంటే మనకు కార్తీక మాసం. కిందటేడాది మంచు కరగకుండా గట్టిపడి ఉంది, దాని మీద కొత్త మంచు పడింది. పైపొర మెత్తన, కాలు దిగుతుంది. కింద గాజులా గట్టి పొర, కాలు జారుతుంది. మనుషులు మోకాళ్ల మీద, చేతుల మీద లేవబోయి ఇంకా జారిపోయారు. జంతువులు పడి లేవబోతే గిట్టలు ఆ గట్టి పొరను పగలగొట్టుకుని లోపలికి దిగబడి, బరువుతో సహా అక్కడే పాతుకుపోయినట్టు ఉండిపోయాయట.

ఈ వాక్యం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను. ఎందుకంటే నేను అది చూశాను. నవంబరులో ఒక పోస్టుకు కిరసనాయిలు చేరవేసి తిరిగి వస్తున్నాం, వెనక్కి కొన్ని ఖాళీ డబ్బాలు, పాడైన స్టవ్వులు తెస్తున్నాం. మా వాటిలో ఒకదాన్ని రాణి అని పిలిచేవాళ్లం. రికార్డులో దాని పేరు గిట్ట మీద వేసిన నెంబరే. మలుపు దగ్గర వెనకకాళ్లు జారి కూర్చుండిపోయింది. లేవడానికి ఒక్కసారి ఎగిరింది, అంతే, నాలుగు కాళ్లూ కింది పొరలోకి దిగి కడుపు మంచు మీద ఆనింది. ఇక కదల్లేదు, అరవలేదు కూడా. చెవులు మాత్రం వెనక్కి పెట్టుకుని నా వంక చూస్తోంది. లాగితే కాలు విరుగుతుంది. ముందు బరువు దించి, తర్వాత ఒక్కో కాలి చుట్టూ పారతో తవ్వి, కింద గోనెలు పరిచి లేపేసరికి రెండు గంటలు పట్టింది. ఒక్క గాడిదకు, ఆరుగురు మనుషులతో. హానిబల్ వెనక అలాంటివి ఎన్ని వేలో, తోసుకొచ్చే వరస ఎంత పొడుగో ఊహించుకోండి. రెండు గంటలు ఎవరాగుతారు? బరువు విప్పుకుని జంతువును వదిలేసి ఉంటారు.

ఇది చాలదన్నట్టు కొంతదూరం దిగాక దారి కొండచరియతో సహా కూలిపోయి ఉంది. ఒకటిన్నర స్టేడియాల మేర, మన లెక్కలో దాదాపు మూడు వందల మీటర్లు. మొదట చుట్టూ తిరిగి పోదామని చూశాడు, కుదరలేదు, ఆ కొత్త మంచు సంగతి అక్కడే బయటపడింది. అప్పుడు శిఖరం అంచున మంచు ఊడ్పించి మజిలీ వేసి, కొండ కోసి దారి కట్టించాడు. గుర్రాలు, గాడిదలు పట్టేంత దారి ఒక్కరోజులో అయింది, వెంటనే వాటిని మంచు లేని చోటికి దించి మేతకు వదిలాడు. ఏనుగులు పట్టేంత వెడల్పు చేయడానికి ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా సైనికులు వంతులవారీగా మూడు రోజులు తవ్వారు. అన్ని రోజులూ ఏనుగులు పైనే ఉన్నాయి, ఆకలితో చిక్కి శల్యమయ్యాయి. కనుమల దగ్గర చెట్టూ లేదు, గడ్డీ లేదు.

వినిగర్ కథ ఈ చోటిదే. పాలిబియస్‌లో అది లేదు. రెండు వందల ఏళ్ల తర్వాత రాసిన రోమన్ చరిత్రకారుడు లివీలో ఉంది. పెద్ద చెట్లు నరికి మంట పెట్టి, కాలిన రాతి మీద వినిగర్ పోసి పగలగొట్టారంటాడు. మంట సంగతి నేను నమ్ముతాను. మన వైపు వడ్డెరవాళ్లు రాతి మీద మంట పెట్టి పలకలు లేపడం పెద్దవాళ్లు చాలామంది చూసే ఉంటారు. వేడెక్కిన రాయి మీద చల్లనిది ఏది పోసినా బీట వారుతుంది, దానికి వినిగరే అక్కర్లేదు, చుట్టూ ఉన్న మంచు చాలు. సైనికుల దగ్గర పులిసిన ద్రాక్షసారా కొంత ఉండొచ్చు, పోసి ఉండొచ్చు. నా సందేహం కట్టెల మీద. పైన చెట్లే లేవని పాలిబియస్ అంటుంటే అంత మంటకు కట్టెలు కింద నుంచి ఎవరు మోశారు? చిక్కిన గాడిదలా?

ఏనుగులు బతికాయని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆల్ప్స్‌లో ఒక్క ఏనుగు చచ్చినట్టు కూడా పాలిబియస్ రాయలేదు. ఆ డిసెంబరులోనే ట్రెబియా నది దగ్గర రోమన్లతో జరిగిన యుద్ధంలో అవి రెండు పక్కలా నిలబడి పోరాడాయి. ఆ యుద్ధం తర్వాత కురిసిన మంచు, వానలకే ఒక్కటి తప్ప అన్నీ పోయాయి. మరుసటి ఏడాది ఆర్నో నది చిత్తడిలో కంటి జబ్బుతో ఒక కన్ను పోగొట్టుకున్న హానిబల్‌ను మోసింది ఆ మిగిలిన ఒక్కటే. ఏనుగు కొండ ఎక్కగలదా అనే అనుమానమే ఉంటే, 1959లో ఒక బ్రిటిష్ బృందం టూరిన్ జూ నుంచి జంబో అనే ఆడ ఏనుగును తీసుకుని ఫ్రాన్స్ వైపు నుంచి బయల్దేరి చూసింది. క్లాపియే కనుమ దారి రాళ్లు పడి చెడిపోయి ఉండటంతో వెనక్కి తిరిగి, మోన్ సెనీ కనుమ మీదుగా ఇటలీలో సూసాకు దించారు. అది వేసవి, చేతినిండా మేత, ఒకే ఏనుగు. ఆ తేడా మర్చిపోకండి.

ఆ ఏనుగుల మావటీలు ఎక్కడివాళ్లన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. పాలిబియస్ వాళ్లను ‘ఇండియన్లు’ అనే రాశాడు. ఏనుగుల విద్య మన దేశం నుంచి అటు వెళ్లడంతో అప్పటికి గ్రీకులో మావటి అంటే ఇండియన్ అనే మాట స్థిరపడింది. కాబట్టి ప్రతి మావటీ ఇక్కడ పుట్టినవాడే అనుకోనక్కర్లేదు.

చివరికి మీ పెద్ద ప్రశ్న, తెలివైన పనేనా అని. ఇటలీలో దిగినప్పుడు మిగిలింది 20,000 కాల్బలం, 6,000 గుర్రాలు. ఇది శత్రువులు చెప్పిన లెక్క కాదు, దక్షిణ ఇటలీలో లాసీనియం అనే చోట హానిబల్ తనే కంచు పలక మీద చెక్కించిన లెక్క, పాలిబియస్ స్వయంగా చూశాడు. రోన్ దగ్గర 46,000, ఇక్కడ 26,000. ఇరవై వేల మంది తేడా. అందరూ చచ్చారనుకోకండి, పారిపోయినవాళ్లూ ఉంటారు. రోన్ చేరకముందే, స్పెయిన్‌లోనే, కార్పెటానీ అనే అక్కడి తెగ సైనికులు మూడు వేల మంది వెనుదిరిగితే, హానిబల్ వాళ్లను ఆపకుండా, మనసు లేని ఇంకో ఏడు వేల మందిని కూడా తనే ఇంటికి పంపి, అందరినీ తనే పంపానన్నట్టు చూపించాడని లివీ రాశాడు. ఆ తెలివి ఎంతమంది ఆఫీసర్లకు ఉంటుంది చెప్పండి.

కానీ మిగిలిన ఆ 26,000తోనే, గాల్ తెగలు వచ్చి చేరగా, రెండేళ్లలో ట్రెబియా, ట్రాసిమెనే, కానే యుద్ధాలు మూడూ గెలిచాడు. యుద్ధాన్ని శత్రువు ఇంట్లో పెట్టాలన్న లక్ష్యం నెరవేరింది. నాకున్న పేచీ ఒక్కటే, ఆలస్యం. స్పెయిన్‌లో ఎబ్రో నదికి ఉత్తరాన తెగలను లొంగదీయడంలో వేసవి గడిచిపోయింది. ఒక నెల ముందు శిఖరం చేరి ఉంటే ఆ కొత్త మంచు ఉండేది కాదు, వాలుల మీద కాస్త గడ్డి మిగిలి ఉండేది. దీనికి రుజువు ఇంట్లోనే ఉంది. క్రీ.పూ. 207లో తమ్ముడు హస్డ్రూబల్ అదే ఆల్ప్స్‌ను మంచి కాలంలో, కొండజాతులు పెద్దగా అడ్డుపడకుండా, అందరూ ఆశ్చర్యపోయేంత సులువుగా దాటాడు. దాటాక మెటారస్ నది దగ్గర యుద్ధంలో చచ్చిపోయాడు, అది వేరే సంగతి.

ఏ కనుమ అన్నది ఇంకా తేలని తగవు. 2016లో కొందరు శాస్త్రవేత్తలు ట్రావర్సెట్ కనుమ దగ్గర బురదలో, ఇంచుమించు ఆ కాలానిదేనని తేలిన పొరలో, బోలెడు జంతువులు తొక్కి లద్దె వేసిన ఆనవాళ్లు ఉన్నాయన్నారు. లద్దె సాక్ష్యమంటే నాకు ఇష్టమే, నా సర్వీసంతా దాని మధ్యే గడిచింది. కానీ ట్రావర్సెట్ దాదాపు 2,950 మీటర్ల ఎత్తున ఉన్న ఇరుకు కనుమ. హానిబల్ పైన రెండు రోజులు ఆగాడు, వెనకబడ్డవాళ్ల కోసం చూశాడు, దారి తప్పిన గుర్రాలు మనుషుల అడుగుజాడలు పట్టుకుని వచ్చి కలిశాయి. అన్ని వేల జంతువులు రెండు రోజులు నిలవాలంటే ముందు చదును నేల కావాలి, తాగడానికి నీళ్లు కావాలి. క్లాపియే దగ్గర ఎక్కే వైపున వెడల్పాటి లోయ ఉంది, అందులో చిన్న చెరువు ఉంది. క్యాంపు వేయమని నాకే చెప్తే అక్కడే వేస్తాను.